సూచికల సాక్ష్యము

దూరపు కొండపై పొగ కానవచ్చినచో అచ్చట నిప్పు కలదని మనుష్యుడు ఊహించును. తర్కశాస్త్రమున ఇట్టి ఊహకు అనుమాన ప్రమాణమని పేరు. కాని శీతకాలపు ఉదయమున కొండకొమ్మును కప్పిన మంచును చూచి పొగయని భ్రమించువాడు, నిప్పు లేని చోట నిప్పు కలదని పలుకును. అతని తర్కమున దోషము లేదు. అతడు నమ్మిన సాక్ష్యమున దోషము కలదు. తెలుగువారు ఆ మంచునకు పొగమంచని పేరిడుటయే ఈ రెంటికిని గల పోలికను తెలుపుచున్నది. మోటారు కారు నడుపువాని యెదుట డ్యాష్ బోర్డుపై నుండు సూచికల విషయమును ఇట్టిదే.

కారు నడుపువానికి ఇంజను లోపలి భాగము కనబడదు. తొట్టిలో పెట్రోలు ఎంత మిగిలినదో, ఇంజనులోని నీరు ఎంత వేడెక్కినదో, నూనె ఎంత ఒత్తిడితో ప్రవహించుచున్నదో, బ్యాటరీలోనికి విద్యుత్తు చేరుచున్నదో లేదో అతడు కన్నులార చూడజాలడు. అద్దము వెనుక కదలాడు చిన్న ముండ్లే అతనికి ఈ సంగతులను తెలియజేయును. ఆ ముల్లు రెండు విధముల అసత్యమాడవచ్చును. ఆపద లేనప్పుడు కలదని చెప్పుట మొదటిది. ఆపద ఉన్నప్పుడు లేదని చెప్పుట రెండవది. మొదటిదాని వలన కాలమును ధనమును వ్యర్థమగును. రెండవదాని వలన ఇంజనే చెడిపోవును. ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు వాటిల్లును. విశాఖపట్టణమున బయలుదేరిన ఒక కుటుంబము శృంగవరపుకోట దాటి, అనంతగిరి కొండదారిన అరకులోయకు పోవుచున్నదనుకొందము. తొట్టిలో సగము పెట్రోలు కలదని ముల్లు చూపుచుండగనే, చీకటి పడిన వేళ, ఒక మలుపులో ఇంజను ఆగిపోయినచో వారి గతి యేమి? సూచిక చిన్నదే, అది చెప్పు అసత్యము చిన్నది కాదు.

ఇట్టి సూచికలు గల పాత కార్లలో మన దేశమున మిక్కిలి ప్రసిద్ధి చెందినది అంబాసిడర్. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారును అనుసరించి, కలకత్తాకు సమీపమున నున్న ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సు వారు దీనిని 1957 మొదలు 2014 వరకు తయారు చేసిరి. విశాఖపట్టణము కొత్త రూపు దాల్చిన కాలమును ఈ కారు కాలమును చాలవరకు ఒక్కటియే. ఆ నగరపు రేవు 1933లో ప్రారంభింపబడెను. ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగెను. 1992లో అది జాతికి అంకితమయ్యెను. ఆ దినములలో అధికారులను కార్యాలయములకు చేర్చినదియు, ప్రయాణికులను రైలుస్టేషను నుండి ఇండ్లకు చేర్చినదియు తరచుగా అంబాసిడరే. దాని తయారీ ఆగిపోయినను, పాత కార్లను ముచ్చటపడి కాపాడుకొనువారు నేటికిని కలరు. అట్టి కార్లలోని అసలు సూచికలు ఒకసారి పారవేసినచో మరల దొరకుట కష్టము. కావున ముల్లు తప్పు చూపినంతనే దానిని ఊడదీసి పారవేయుట అవివేకము. తప్పు ముల్లుదా, తీగదా, లేక ఇంజనుదేనా అని మొదట విచారింపవలెను.

సముద్రతీరమున ఈ విచారణ మరింత అవసరము. బంగాళాఖాతము మీదుగా వీచు గాలిలో సన్నని ఉప్పునీటి తుంపరలుండును. అవి ఇనుముపై చేరి ఎండిన పిదప మిగులు ఉప్పు, గాలిలోని తేమను పీల్చుకొని ఇనుమును సదా చెమ్మగా నుంచును. ఉప్పునీరు విద్యుత్తును చక్కగా ప్రవహింపజేయును గనుక తుప్పు పట్టుట వేగవంతమగును. ఇత్తడియు ఇనుమును తాకుచున్న చోట ఇనుము మరింత త్వరగా క్షయించును. ఇత్తడిపై చిలుము పట్టును. బీచిరోడ్డు ప్రక్కనో, చేపలరేవు ప్రక్కనో ఏండ్ల తరబడి నిలిచిన కారునకు లోపల కనబడని వ్యాధి ఇదియే.

ఈ తుప్పు సూచికలను ఎట్లు చెరచునో తెలియవలెనన్న, కారులో విద్యుత్తు నడచు మార్గము తెలియవలెను. ఇంటిలోని దీపమునకు పోవుటకొక తీగయు, తిరిగి వచ్చుటకొక తీగయు నుండును. కారులో పోవుటకు మాత్రమే తీగ యుండును. తిరిగి వచ్చు దారి కారు యొక్క ఇనుప శరీరమే. దీనినే మేస్త్రీలు ఎర్తు అందురు. పరికరమును కారు శరీరమునకు బిగించిన మరమేకు చుట్టును తుప్పు పట్టినచో, తిరుగు దారిలో ముండ్లకంచె వేసినట్లగును. పరికరము మంచిదే, తీగ మంచిదే, బ్యాటరీ మంచిదే. అయినను ముల్లు తప్పు చెప్పును. రాత్రివేళ పెద్ద దీపములు వెలిగించినంతనే పెట్రోలు ముల్లు ప్రక్కకు జరిగినచో, పెట్రోలు పెరుగుటయు లేదు, తరుగుటయు లేదు. దీపములును సూచికయు చెడిన ఎర్తునొకదానిని పంచుకొనుచున్నవని మొదట అనుమానింపవలెను.

పెట్రోలు సూచిక పని తీరు చూతము. తొట్టిలో పెట్రోలుపై తేలు బెండు ఒకటి యుండును. పెట్రోలు మట్టమును బట్టి బెండు పైకి లేచును, క్రిందికి దిగును. దానికి తగిలించిన కడ్డీ, నిరోధము గల తీగచుట్టపై జరుగుచు, విద్యుత్ ప్రవాహమును హెచ్చించుచు తగ్గించుచు నుండును. ఆ మార్పును బట్టి డ్యాష్ బోర్డుపై ముల్లు కదలును. పాత కార్లలో ముల్లును కదల్చు విధానములు రెండు. మొదటిదానిలో రెండు తీగచుట్టల నడుమ చిన్న ఇనుపముక్క ముల్లునకు కట్టబడి యుండును. ఏ చుట్ట బలముగా లాగిన ముల్లు అటు మొగ్గును. రెండవదానిలో ద్విలోహ పట్టీ యుండును. వేడి తగిలినపుడు రెండు లోహములు సమానముగా వ్యాకోచింపవు గనుక పట్టీ వంగి, ముల్లును నెట్టును.

ఈ భేదము తెలియనివాడు పరీక్షలో మోసపోవును. తొట్టి నుండి వచ్చు తీగ తెగిపోయినదనుకొందము. ద్విలోహ పట్టీ గల సూచికలో ప్రవాహము ఆగి, పట్టీ చల్లబడి, ముల్లు ఖాళీ గుర్తుపై పడిపోవును. రెండు చుట్టల సూచికలో, పూర్వపు ఇంగ్లీషు కార్ల పద్ధతి ప్రకారము, ముల్లు నిండు గుర్తునకు పోవును! తీగ తెగక, తుప్పు వలన నిరోధము మాత్రమే పెరిగినను, మొదటిది ఉన్నదానికంటె తక్కువయు, రెండవది ఉన్నదానికంటె ఎక్కువయు చూపును. ఒకటే తుప్పు, ఒకటే ఎర్తు; ఒక కారులో అది పిరికివానివలె లేని ఆపదను చాటును, మరియొక కారులో ముఖస్తుతి చేయువానివలె ఉన్న ఆపదను దాచును. అనంతగిరి మలుపులో కుటుంబమును నిలిపివేసిన సూచిక ఈ రెండవ జాతిది కావచ్చును.

కనుక పరీక్ష క్రమముగా సాగవలెను. సూచిక ఏ జాతిదో మొదట తెలిసికొనవలెను. బ్యాటరీ వోల్టులను, ఫ్యూజును చూడవలెను. పిదప తొట్టి పరికరము యొక్క ఎర్తు తీగను విప్పి, ఉప్పుకాగితముతో రుద్ది, లోహము మెరయునట్లు చేసి మరల బిగింపవలెను. అనేక సమయములందు వ్యాధి ఇంతటితోనే కుదురును. కుదరనిచో సూచిక వెనుక నుండి తొట్టికి పోవు తీగను అచ్చటనే విప్పి చూడవలెను. తీగ విప్పినపుడు ఒక కొసకును, ఆ స్థానమును క్షణకాలము మాత్రము ఎర్తునకు తాకించినపుడు రెండవ కొసకును ముల్లు పోయినచో సూచిక ఆరోగ్యముగా నున్నది. దోషము తీగలోనో తొట్టిలోనో కలదు. ద్విలోహ పట్టీ గల సూచికను ఎర్తునకు ఎక్కువసేపు తాకించి యుంచినచో అది మాడిపోవును. తొట్టి యొద్ద ఈ పరీక్ష చేయరాదు. పెట్రోలు ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలును. డ్యాష్ బోర్డు వెనుక చేయి పెట్టి తీగలను విప్పుటకును బిగించుటకును ముందు బ్యాటరీ తీగ తొలగింపవలెను. ఈ పనులు పని తెలిసిన పెద్దలవే గాని పిల్లలవి కావు.

ద్విలోహ పట్టీలు గల కార్లలో కొన్నింటికి వోల్టేజి స్టెబిలైజరు అను చిన్న డబ్బీ యుండును. ఇంజను వేగమును బట్టి విద్యుత్తు బలము మారుచుండును గదా. ఈ డబ్బీ దానిని సగటున 10 వోల్టుల వద్ద నిలిపి, పెట్రోలు సూచికకును వేడి సూచికకును అందించును. దీని వలన మేస్త్రీకి ఒక గొప్ప ఉపకారము కలదు. ఒక్క ముల్లు తప్పినచో దోషము ఆ ముల్లునకు సంబంధించిన దారిలో వెదకవలెను. రెండు ముండ్లును ఒకేసారి తప్పినచో, రెండింటికిని ఉమ్మడిగా నున్న డబ్బీని వెదకవలెను. ఆ డబ్బీకి ఎర్తు పోయినచో బ్యాటరీ బలమంతయు సూచికలకు చేరి, రెండును హెచ్చుగా చూపును. ఇంజను వేడెక్కినదని బెదరి రేడియేటరు విప్పిన మేస్త్రీ, పెట్రోలు ముల్లు కూడ అసాధారణముగా పైకి పోయిన సంగతిని గమనించి యుండినచో ఆ శ్రమ తప్పియుండును.

అయినను వేడి సూచిక హెచ్చుగా చూపినపుడు దానిని అబద్ధమని తోసిపుచ్చుట ప్రమాదకరము. సింహాచలము కొండ యెక్కునపుడు ముల్లు కొంత లేచుట సహజము. దిగిన పిదపను దిగి రానిచో కారును నిలిపి విచారింపవలెను. వేడిగానున్న రేడియేటరు మూతను మాత్రము తీయరాదు. లోపలి మరుగు నీరు ఎగజిమ్మి శరీరమును కాల్చును. తక్కువగా చూపుట కూడ సర్వదా క్షేమమునకు గుర్తు కాదు. కొన్ని పాత సూచికలలో సన్నని గొట్టమున ఈథరు అను ద్రవముండును. గొట్టము విరిగినచో ద్రవము పోయి, ముల్లు చల్లదనమునే చూపుచుండును. నీరు కారిపోయి, వేడిని పట్టు మొన నీటికి పైన మిగిలినపుడును ముల్లు సరిగా లేవకపోవచ్చును. మొనను విప్పి, గిన్నెలోని వేడినీటిలో ఉష్ణమాపకముతో కూడ ముంచి చూచినచో దాని నిజము బయటపడును.

నూనె ఒత్తిడి సూచిక యందు ఇంకను జాగ్రత్త కావలెను. 1849లో ఫ్రాన్సు దేశీయుడు యూజీన్ బూర్డన్ కనిపెట్టిన వంపు గొట్టమే పాత సూచికలలోని ప్రాణము. కోడిగ్రుడ్డువలె నొక్కబడిన ఆ గొట్టములో ఒత్తిడి పెరిగినపుడు అది నిటారగుటకు యత్నించి, పండ్లచక్రము ద్వారా ముల్లును కదల్చును. ముల్లు పడిపోయినచో ముందుగా ఇంజను ఆపవలెను, విచారణ తరువాత. కొలకడ్డీతో నూనె మట్టము చూడవలెను. గొట్టము ఎచ్చటనైన కారుచున్నదేమో చూడవలెను. పిదప మంచిదని తెలిసిన వేరొక సూచికను ఇంజనునకే నేరుగా బిగించి పోల్చవలెను. రెండును ఒకే మాట చెప్పినచో ముల్లు నిర్దోషి, ఇంజను రోగి. కొన్ని కార్లలో ముల్లునకు బదులు ఎర్రదీపముండును. ఒత్తిడి లేనపుడు అది వెలుగవలెను. తాళపుచెవి త్రిప్పి, ఇంజను ఇంకను కదలకముందు ఆ దీపము వెలుగనిచో, దీపమే కాలిపోయి యుండవచ్చును. అట్టి దీపము ప్రయాణమంతయు వెలుగకుండుట క్షేమ సమాచారము కాదు, కావలివాడు నిద్రించుటయే.

విద్యుత్ ప్రవాహమును చూపు అమ్మీటరునకు నడుమ సున్న యుండును. బ్యాటరీలోనికి విద్యుత్తు పోవుచున్న ఒక ప్రక్కకును, వెలుపలికి పోవుచున్న రెండవ ప్రక్కకును ముల్లు మొగ్గును. ఇంజను వేగముగా తిరుగుచున్నను వెలుపలి వైపే చూపినచో డైనమో పని చేయుటలేదని భావము. అదే సమయమున వేడి ముల్లును లేచుచున్నదా? అట్లయిన రెండు రోగములు కాదు, రోగమొక్కటే. అనేకమైన పాత కార్లలో డైనమోను, నీటి పంపును త్రిప్పునది ఒకే ఫ్యాను బెల్టు, అది తెగినది. ఒక సాక్షి మాట సందేహాస్పదము కావచ్చును. ఒకరితో నొకరికి సంబంధము లేని ఇరువురు సాక్షులు ఒకే కథ చెప్పినపుడు న్యాయాధిపతి చెవియొగ్గక తప్పదు.

వేగ సూచిక వేరు తెగకు చెందినది. జర్మనీ దేశీయుడు ఆటో షుల్ట్సె 1902లో హక్కు పొందిన పద్ధతి చిరకాలము నడచినది. గేరుబాక్సు నుండి తిరుగుచు వచ్చు ఉక్కుతాడు ఒక అయస్కాంతమును త్రిప్పును. దానిని తాకకయే దాని చుట్టును ఒక అల్యూమినియము గిన్నె యుండును. తిరుగు అయస్కాంతము వలన గిన్నెలో విద్యుత్తు పుట్టి, గిన్నె తానును తిరుగబోవును. గడియారములోని వంటి సన్నని కమాను దానిని వెనుకకు లాగును. ఈ పెనుగులాటలో గిన్నె నిలిచిన చోటే వేగము. ముల్లు ఊగిసలాడుచున్నచో తాడు ఎండినదనియో, మిక్కిలి వంగినదనియో గ్రహింపవలెను. ముల్లును, దూరము లెక్కించు అంకెలును రెండును ఆగినచో తాడు తెగియుండవచ్చును. అంకెలు కదలుచు ముల్లు మాత్రము ఆగినచో తాడు మంచిదే. దోషము సూచికలో కలదు. విప్పకయే ఇంత తెలిసికొనవచ్చును. ముల్లు నిజము చెప్పుచున్నదా అని చూచుటకు భీమునిపట్టణము దారిలోని కిలోమీటరు రాళ్లు చాలును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున రాతికిని రాతికిని నడుమ 60 సెకండ్లు పట్టవలెను. 40 కిలోమీటర్ల వేగమున 90 సెకండ్లు. గడియారము చూచువాడు మాత్రము కారు నడుపువాడు కారాదు.

ఒక్కొక్కప్పుడు దోషము ముల్లుది కాదు, చదువువానిది. మెట్రిక్ కొలతలు మన దేశమున రాక పూర్వపు కార్లలో వేగము మైళ్లలో నుండెడిది. అట్టి సూచికలో ముల్లు 30 వద్ద నున్నచో వేగము 48 కిలోమీటర్లు. ఈ చిన్న పొరపాటు ఎంతవరకు పోగలదో ఒక విమానము లోకమునకు చూపినది. 1983 జూలై 23వ తేదీన కెనడాలో మాంట్రియల్ నుండి ఎడ్మంటన్ పోవు ఎయిర్ కెనడా విమానమున ఇంధన సూచికలు పని చేయకుండెను. సిబ్బంది కొలకడ్డీలతో ఇంధనమును కొలిచిరి. ఆ ఉపాయము మంచిదే. కాని లీటర్లను కిలోగ్రాములుగా మార్చుటకు 0.8తో గుణింపవలసినది, పౌనుల లెక్కకు చెందిన 1.77తో గుణించిరి. కావలసిన ఇంధనములో సగమునకంటె తక్కువతో విమానము లేచెను. 41 వేల అడుగుల ఎత్తున ఇంజనులు ఆగిపోయెను. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్ ఇంజను లేని గ్లైడరులను నడిపిన అనుభవము గలవాడగుటచే, గిమ్లీ యను చోట నున్న పూర్వపు సైనిక విమానస్థలమున దానిని దింపగలిగెను. అందరును బ్రతికిరి. సూచిక లేకపోవుట మాత్రమే ఆ ఆపదకు కారణము కాదు. దాని స్థానమున నిలిపిన రెండవ సాక్ష్యమును సరిగా పరీక్షింపకపోవుట కూడ కారణము.

దోషములను వెదకువాడు పాటింపవలసిన నియమములు దీనిని బట్టి తేటపడును. సులభమైనదానిని ముందును, కష్టమైనదానిని తరువాతను చూడవలెను. ఒక మారు ఒక మార్పే చేయవలెను. ఒకేసారి మూడు భాగములు మార్చినవానికి వ్యాధి కుదిరినను కారణము తెలియదు. మంచిదని తెలిసిన వస్తువుతో అనుమానాస్పదమైనదానిని పోల్చవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, నష్టము గొప్పదైన చోట ముల్లు మాటను మొదట మన్నించి, పిదప శంకింపవలెను. నూనె లేదన్న ముల్లును నమ్మి కారు ఆపినవానికి అరగంట పోవును. నమ్మక నడిపినవానికి ఇంజను పోవును.

విశాఖపట్టణమున ఈ విద్య కార్లతో ఆగిపోదు. ఉక్కు కర్మాగారపు కొలుముల వేడిని మనుష్యుడు చేతితో తాకి చూడజాలడు. రేవులో నిలిచిన ఓడ యొక్క చమురు తొట్టిలోనికి ప్రతి గడియయు దిగి చూడజాలడు. అచ్చటను సూచికలే అతనికి కన్నులు. ఆ కన్నులను గ్రుడ్డిగా నమ్మువాడును, నచ్చనపుడు మూసివైచువాడును సమానముగా చెడుదురు. పొగయా, మంచా అని నిలిచి చూచి, రెండవ సాక్ష్యమును తెచ్చుకొని, అటుపిమ్మట అడుగు వేయువాడే క్షేమముగా గమ్యము చేరును.